చచ్చినవాడికి ఫోనెందుకు

మా ఓనర్ అంకుల్ శనివారం పొద్దున్నే ఇంటి వెనక డెక్ మీద నిలబడి శంఖం ఊదేవాడు. అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మా వీధి నిండా తెలుగువాళ్ళే. మన ఊళ్ళలో పొద్దున్నే శంఖం వినిపిస్తే ఎవరింట్లోనో పాడె లేస్తున్నట్టు లెక్క. అందుకని వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు మొదటి శనివారం పైజమా మీదే పరిగెత్తుకొచ్చి, "అయ్యో, ఎవరు పోయారండీ?" అని అడిగేవాళ్ళు.

"నేనే," అనేవాడు అంకుల్. "కాఫీ తాగుతారా?"

మొన్న మార్చిలో ఆయన నిజంగానే పోయాడు. చలికాలంలో జలపాతం కింద నిలబడినవాడు, నిప్పుల మీద నడిచినవాడు, చివరికి హోల్‌సేల్ స్టోర్‌లో పెద్ద పెరుగు డబ్బా ఎత్తి బండిలో పెట్టబోతూ పోయాడు. గుండె. డబ్బా పగల్లేదు. ఆంటీ దాన్ని ఇంటికి తెచ్చి తోడుకి వాడింది. ఇలాంటి చావు ఆయన్ని బాగా నిరాశపరిచి ఉంటుంది.

ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకుండేవాణ్ణి. లీజు సంతకం పెట్టే రోజు నన్ను పైనించి కిందిదాకా చూసి, "చావంటే భయమా?" అని అడిగాడు. "అద్దెను బట్టి ఉంటది అంకుల్," అన్నాను. ఆ రోజునుంచి నా పేరు బేస్‌మెంట్.

పొట్టి మనిషి. మెడ మాత్రం ఇద్దరికి సరిపోయేంత. ఎడమ కనుబొమ సగమే ఉండేది, మిగతా సగం జపాన్‌లో ఏదో హోమంలో కాలిపోయింది. గుంటూరు జిల్లాలో పుట్టి, జపాన్ ఉత్తరాన ఏదో ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి, ఇక్కడికి వచ్చి డేటా సెంటర్‌లో కూలింగ్ చూసేవాడు. సర్వర్లు వేడెక్కకుండా చూడటం ఉద్యోగం. మనుషుల్ని వేపుకు తినడం వీకెండ్ హాబీ.

ఆ హాబీ ఆయనకి జపాన్‌లో అంటింది. అక్కడి కొండల్లో యమబుషి అనే సాధకులున్నారు. యమ అంటే వాళ్ళ భాషలో కొండ. మన యముడికీ దానికీ సంబంధం లేదట, కానీ అంకుల్‌తో ఒకసారి ఎక్కాక నాకు పెద్ద తేడా కనిపించలేదు. వాళ్ళ లెక్కలో కొండెక్కడమంటే చచ్చిపోవడం. కట్టుకునే తెల్లబట్టలు శవానికి కట్టేవి. లోపల నరకం, ఆకలి దయ్యాల లోకం, పశువుల లోకం వరసగా దాటాలి. కొండ తల్లి కడుపు. కిందికి దిగినప్పుడు కొత్తగా పుట్టినట్టు, అందుకని దిగగానే పసిబిడ్డలా గొంతు చించుకుని ఏడవాలి. గురువు ఏం చెప్పినా జవాబు ఒక్కటే: "ఉకెతమో." అంటే, స్వీకరిస్తున్నాను అని. ఎందుకు, ఎంతసేపు, లంచ్ ఉందా లాంటి ప్రశ్నలకి ఆ మతంలో చోటు లేదు.

బ్లూ రిడ్జ్ కొండలకి మా వీధి నుంచి గంటన్నర డ్రైవ్. నెలకోసారి అయిదారుగురు సాఫ్ట్‌వేర్ వాళ్ళని ఆయన అక్కడికి తీసుకెళ్ళి చంపి తెచ్చేవాడు. కాలిబాట మొదట్లోనే అందరి ఫోన్లూ తీసుకుని ప్రెషర్ కుక్కర్‌లో వేసి, మూత బిగించి, పైన విజిల్ కూడా పెట్టేవాడు. "చచ్చినవాడికి ఫోనెందుకు?" అనేది ఆయన మంత్రం.

"విజిల్ ఎందుకు అంకుల్? ఉడకవు గదా," అన్నాను మొదటిసారి.

చేతిలో ఎనిమిది పలకల కర్ర ఉండేది. దాంతో నా పిక్క మీద ఒకటిచ్చాడు. "ఉకెతమో అను."

అన్నాను. కర్రకి ఎదురు చెప్పడం నాకు రాదు.

ఆయన గొప్పతనం గురించి వీధిలో ఎవరికైనా అనుమానం ఉంటే అది గ్యారేజీ సంఘటనతో తీరిపోయింది. నరకలోకం దాటేటప్పుడు యమబుషులు తలుపులు మూసిన గదిలో నిప్పుల మీద మిరపపొడి వేసి, ఆ పొగలో కూర్చుంటారు. జపాన్‌లో చిటికెడు వేస్తారట, వాళ్ళ మిరప మెతక. అంకుల్ అదే కొలత అనుకున్నాడో, సొంతూరి అభిమానం ఆపుకోలేకపోయాడో, గుప్పెడు గుంటూరు ఎండుమిరపకాయలు బొగ్గుల మీద పోశాడు. గ్యారేజీ షట్టర్ దించి ఉంది. నలుగురం ఉన్నాం. మొదటి ఊపిరికే నా గొంతులో ఎవరో బ్లేడు తిప్పినట్టయింది. రవి అని మా నల్గొండ కుర్రాడు, టెస్టింగ్‌లో పనిచేస్తాడు, షట్టర్‌ని భుజంతో గుద్దీ గుద్దీ భుజం వాచేలా చేసుకున్నాడు. ఇంకొకతను నేల మీద పాకుతూ డ్రయర్ గొట్టంలో తల దూర్చాడు. అంకుల్ మాత్రం కళ్ళు మూసుకుని, ముక్కులోంచి కారుతున్నదాన్ని కూడా స్వీకరిస్తూ కూర్చున్నాడు.

ఫైరింజన్ వచ్చింది. మాస్కు వేసుకున్న ఆఫీసర్ లోపలికి తొంగిచూసి, వెనక్కి తగ్గి, "ఏం కెమికల్ వాడారు?" అని అడిగాడు.

"గుంటూరు," అన్నాడు అంకుల్, ఎర్రటి కళ్ళతో, గర్వంగా.

ఆంటీ మెట్ల మీద నిలబడి అంతా చూసింది. ఆవిడ ఫార్మసీలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయన మాట్లాడే లోకాల్లో ఒక్కదాన్నీ నమ్మదు. "దిష్టి ఉంటే మిరపకాయలు ఘాటు రావంటారు. ఇంత ఘాటొచ్చిందంటే మీకు ఎవరి దిష్టీ లేదన్నమాట. ఉండటానికి ఏముంది గనక," అనేసి లోపలికెళ్ళింది.

ఆంటీ దేనికీ భయపడేది కాదు, ఒక్క హైవేకి తప్ప. కార్లు దూసుకుపోతుంటే మధ్యలో దూరడం ఆవిడవల్ల కాదు. ఇండియన్ స్టోర్‌కి కూడా సందుల్లోంచి, స్కూళ్ళ ముందునుంచి, సైకిల్ తొక్కే పిల్లలకి దారిస్తూ వెళ్ళేది.

ఇక గోడ గురించి చెప్పాలి. మా టౌన్‌హౌస్‌కీ పక్కదానికీ గోడ ఒకటే. అటుపక్క కిరణ్, సింధు అని జంట ఉండేవాళ్ళు. కిరణ్ చూడటానికి బంగారం లాంటి మనిషి. చెత్త బండి వెళ్ళాక మా డబ్బాలు కూడా లోపలికి తోసి పెట్టేవాడు. శంఖం మీద వీధి అసోసియేషన్‌కి ఫిర్యాదు పెట్టిందీ అతనే, అదీ చాలా మర్యాదగా. మా శంఖం వాళ్ళింట్లోకి వినిపించేది. వాళ్ళింట్లో చప్పుళ్ళు మాకు వినిపించేవి. అసోసియేషన్ దగ్గర మొదటిదానికి మాత్రమే రూల్ ఉంది.

చప్పుడంటే, మొదట ఏదో గోడకి తగిలేది. కుర్చీ అయితే ఒక రకం. మనిషి తల అయితే ఇంకో రకం. తరవాత బాత్రూమ్‌లో ట్యాప్ తిరిగేది. సింధు ట్యాప్ తిప్పి ఏడ్చేది, ఏడుపు వినపడకుండా. నీళ్ళు చాలాసేపు పోయేవి.

ఒకసారి ఆంటీ పోలీసుల్ని పిలిచింది. సింధు తలుపు తీసి, పెదవి మీద ఐస్ ముక్క పెట్టుకుని, బాత్రూమ్‌లో జారిపడ్డానని చెప్పింది. తన వీసా కిరణ్ ఉద్యోగానికి వేలాడుతోంది. పాస్‌పోర్టు అతని లాకర్లో ఉంది. ఇంకేం చెబుతుంది? పోలీసులు వెళ్ళాక ఆ గోడ ఊగింది. అంకుల్ వంటింట్లోంచి పచ్చడిబండ పట్టుకుని బయల్దేరితే, నేనూ ఆంటీ చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సొచ్చింది. నా చెయ్యి మీద ఆయన గోళ్ళు దిగాయి. మనుషుల్ని కొండల్లో చంపి తెచ్చే మనిషికి ఇళ్ళలో కూడా చంపగల శక్తి ఉందని ఆ రోజు తెలిసింది. ఆ శక్తికి గొలుసు వేయడానికే ఆయన కొండెక్కుతున్నాడేమో. అడిగితే కర్ర తీసేవాడు గనక అడగలేదు.

తరవాత ఓ రోజు సింధు కంచె పక్కన బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడి ఆంటీతో ఒకే మాట అంది: "రెండు రోజులు ఆయన ఫోన్ చూడకుండా ఉంటే చాలు ఆంటీ. నేను వెళ్ళిపోతాను." సింధు ఫోన్ ఎక్కడ కదిలినా కిరణ్ ఫోన్లో చుక్క కదిలేది. ఇంటి ముందు కెమెరా కూడా అందులోకే చూసేది.

రెండు రోజులు ఫోన్ లేకుండా ఒక మనిషిని ఉంచే సౌకర్యం వర్జీనియా మొత్తంలో ఒక్కచోటే ఉంది.

శుక్రవారం అంకుల్ బేస్‌మెంట్‌లోకి దిగొచ్చాడు. "రేపు కొండకి కిరణ్ వస్తున్నాడు. నీవల్ల కాదులే అన్నా. వెంటనే ఒప్పుకున్నాడు."

"వాడా? ఎందుకంకుల్?"

"ఆంటీ సింధుని కమ్మింగ్ తీసుకెళ్తోంది. జార్జియాలో మా మరదలింటికి."

"ఎవలు తోల్తరు?"

"ఆంటీయే."

నాకు నవ్వాగలేదు. "ఆంటీ కొత్తిమీర తేవాలన్నా సందుల్లోంచే పోతది గదా. జార్జియా దాంక గట్లనే పోతదా?"

"అందుకేగా రెండు రోజులు," అన్నాడు. "ఆదివారం సాయంత్రం దాకా వాణ్ణి కిందికి దిగనియ్యకూడదు. ఏం చేస్తావో నాకు తెలీదు. ఉకెతమో అను."

ఈసారి కర్ర లేకపోయినా అన్నాను.

శనివారం కిరణ్ ఖరీదైన బూట్లతో వచ్చాడు. ఫోన్ కుక్కర్‌లో వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు. "ఎమర్జెన్సీ వస్తే ఎలా అంకుల్?"

"చచ్చినవాడికి ఎమర్జెన్సీ ఏంటయ్యా," అని అంకుల్ మూత బిగించేశాడు.

ఆ రోజు గండం లేకుండానే గడిచింది. చన్నీళ్ళ వాగులో నడుం దాకా నిలబెట్టాడు. బండలెక్కించి మోకాళ్ళు చీరించాడు. సాయంత్రం అద్దెకు తీసుకున్న కేబిన్లో మిరప పొగ, ఈసారి నాలుగే కాయలు. కిరణ్ వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, అంకుల్ వైపు చూసిన చూపులో ఆ గోడకి అటుపక్క మనిషి మొదటిసారి కనిపించాడు.

ఆదివారం పొద్దున లేవగానే, "నా ఫోన్ ఇవ్వండి. వెళ్ళిపోతాను," అన్నాడు.

"వెళ్ళు. చివరిది ఒక్కటే మిగిలింది, అందరూ చెయ్యలేరులే," అన్నాడు అంకుల్, కర్ర భుజానికెత్తుకుంటూ.

కిరణ్ వెళ్ళలేదు. మగవాళ్ళని ఆపడానికి ఈ మాట మించిన తాడు లేదు.

నిజం తాడు కూడా ఉంది. చివరిదంటే ఇదీ: కొండ అంచున మనిషిని బోర్లా పడుకోబెట్టి, ఛాతీకి తాడు కట్టి, నడుం దాకా గాల్లోకి తోస్తారు. తల కింద లోయ. చేతులు జోడించాలి. గురువు అడుగుతాడు: తల్లిదండ్రుల్ని చూసుకుంటావా? పని ఒళ్ళొంచి చేస్తావా? ఉకెతమో అంటే పైకి లాగుతారు. నన్నూ ఒకసారి వేలాడదీశారు. కింద చెట్ల కొనలు కొత్తిమీర కట్టల్లా కనిపిస్తాయి. ఏ షరతుకైనా ఒప్పుకోవాలనిపిస్తుంది.

కిరణ్ కుడికాలు రవి పట్టుకున్నాడు. ఎడమకాలు నేను. తాడు చెట్టు చుట్టూ తిప్పి, కొస అంకుల్ పట్టుకున్నాడు. అమ్మానాన్నల గురించి అడిగాడు. ఉకెతమో. పని గురించి అడిగాడు. ఉకెతమో. అక్కడితో అయిపోవాలి.

"ఇంట్లో చెయ్యెత్తుతావా ఇంక?" అన్నాడు అంకుల్.

కింద గాలి. కిరణ్ జోడించిన చేతులు విడదీసి రాయి అంచు పట్టుకున్నాడు. తరవాత, "మా ఇంటి విషయం మీకెందుకు? లాగండి ముందు!" అని అరిచి, అంకుల్‌ని అమ్మ మీదుగా తిట్టాడు.

అంకుల్ చేతిలో తాడు జానెడు జారింది. కిరణ్ తొడలు రాయి మీద గీసుకుంటూ ముందుకు పోయాయి. కేక పెట్టాడు. జారింది చెయ్యి పట్టు తప్పి కాదు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. సగం కనుబొమ కింద కన్ను పచ్చడిబండ నాటి కన్నే.

"కాళ్ళు వదలండి," అన్నాడు మెల్లిగా.

"ఉకెతమో," అన్నాడు రవి, వదిలేశాడు. రెండేళ్ళ ట్రైనింగ్ మరి. కుడికాలు గాల్లో తన్నుకుంది. బరువంతా నా చేతుల్లోకొచ్చి, నా మోచేతులు రాయికి రుద్దుకుని తోలు లేచిపోయింది.

ఆ మతంలో ఉన్నది ఒకటే జవాబు. నాకు ఆ సమయంలో అది గుర్తుకు రాలేదు.

"అంకుల్," అన్నాను, "మీరు జైలుకు పోతే ఆంటీని జార్జియా నుంచి వాపస్ ఎవరు తీస్కొస్తరు? మళ్ళ ఆమెనే తోల్కోవాల్నా?"

అంకుల్ నా వైపు చూశాడు. రెప్ప వేశాడు. ఆయన ముఖంలోకి ఆంటీ, ఇండికేటర్ వేసుకుని, మెల్లగా తిరిగొచ్చినట్టయింది. తాడు రెండు చేతులా బిగించి వెనక్కి పడ్డాడు. రవి మళ్ళీ కాలు దొరకబుచ్చుకున్నాడు. కింద కిరణ్, "ఉకెతమో, ఉకెతమో, ఇంకెప్పుడూ కొట్టను, ఉకెతమో," అని ఏడుస్తూనే ఉన్నాడు. లాగి పడేశాం. చొక్కా చిరిగి, పొట్ట మీద రక్తపు గీతలతో, అంకుల్ పాదాల మీద పడి వెక్కాడు. తన జీవితం మారిపోయిందన్నాడు. అదృష్టం కొద్దీ, జార్జియా చేరడానికి పట్టేంత సేపు మారిపోయింది. ఆ తరవాత ఫోన్ మాటెత్తకుండా మా వెనక గొర్రెలా నడిచాడు.

"మారిండా అంకుల్?" అన్నాను దిగేటప్పుడు.

"మారడం లేదు, పాడూ లేదు. భయపడ్డాడు," అన్నాడు. తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. "భయం పార్కింగ్ లాట్ దాకా ఉంటది."

సరిగ్గా అక్కడిదాకానే ఉంది.

దిగి, ఆచారం ప్రకారం, ఎదిగిన మగాళ్ళందరం కార్ల మధ్య నిలబడి పసిపిల్లల్లా ఏడ్చాం. పక్కన కుక్కతో వచ్చిన కుటుంబం కుక్కని దగ్గరికి లాక్కుంది. అంకుల్ కుక్కర్ మూత తీసి, ముందు తన ఫోన్ చూసుకుని, నాకు చూపించాడు. ఆంటీ మెసేజ్: "చేరాం. ఒక్కసారే లేన్ మార్చాను."

అప్పుడు కిరణ్ ఫోన్ తీసి అతని చేతిలో పెట్టాడు. "సింధు మీ ఇంట్లో లేదు. రాదు కూడా. ఎక్కడుందో నేను చెప్పను."

కిరణ్ ఫోన్లో చుక్క కోసం వెతికాడు. చుక్క లేదు. అంకుల్ చేతిలో కర్ర లాక్కున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండు పుల్ల విరిచినట్టు చిన్నగా, శుభ్రంగా వినిపించింది. "ఉకెతమో," అన్నాడు అంకుల్. మేం దూకబోతే చెయ్యెత్తాడు. ఆగిపోయాం. రెండోది పక్కటెముకల మీద. "ఉకెతమో." మూడోది నోటి మీద. ఈసారి మాట బయటికి రాలేదు, రక్తం వచ్చింది, అందులో ఏదో తెల్లగా. అప్పుడు ఇక చెయ్యిని లెక్కచేయకుండా నేనూ రవీ మీద పడ్డాం. కిరణ్ మోచెయ్యి నా ముక్కుకి తగిలింది. అప్పటినుంచి నా ముక్కు కాస్త ఎడమవైపు చూస్తుంది. కుక్క కుటుంబం, ఇంకో ఇద్దరూ, ఫోన్లెత్తి వీడియో తీస్తూనే ఉన్నారు.

పోలీసులు వచ్చేసరికి కిరణ్‌ని రవి నేలకి అదిమిపట్టి ఉన్నాడు, మిగతావాళ్ళ ఫోన్లు పోకుండా నేను కుక్కర్‌కి మూత పెట్టి పట్టుకున్నాను. అయినా ఆఫీసర్ మొదట తుపాకీ చూపించింది నాకు. అమెరికాలో పార్కింగ్ లాట్ మధ్యలో, ముక్కులోంచి రక్తం కారుతూ, బాంబులా మూత బిగించిన ప్రెషర్ కుక్కర్ పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఎవరైనా అలాగే చూస్తారు. కింద పెట్టమన్నాడు. పెట్టాను. విజిల్ ఊడి దొర్లుకుంటూ పోయింది. అందరం దానివైపే చూశాం.

తరవాత ఆఫీసర్ అంకుల్ పక్కన కూర్చుని ఏమైందని అడిగాడు. అంకుల్ పన్ను ఉమ్మి, ఇంగ్లీషులో ఒక్కో మాటా విడదీసి చెప్పాడు: "అతను నన్ను కొట్టాడు. నేను జారిపడలేదు. బాత్రూమ్‌లో కాదు. ఇక్కడ, అందరి ముందూ."

బాత్రూమ్ ఎందుకొచ్చిందో ఆఫీసర్‌కి అర్థం కాలేదు. నాకైంది.

ఎమర్జెన్సీ గదిలో, పక్క మంచం మీద ముక్కులో దూది పెట్టుకుని పడుకుని, "కావాలనే కొట్టించుకున్నరా అంకుల్?" అని అడిగాను. నా గొంతులో భక్తి కూడా ఉంది, ఒప్పుకుంటాను.

"పిచ్చా?" అన్నాడు వాచిన మూతితో. "తప్పుకుందామనే అనుకున్నా. మోకాళ్ళు పట్టేశాయ్."

"మరి ఉకెతమో అన్నరు?"

"ఇంకేం గుర్తుకు రాలా."

"మరి చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది?"

"ఆపలేదురా దద్దమ్మా. రమ్మన్నా."

నర్సు వచ్చి ఆయన మూతి మీద ఐస్ మార్చి వెళ్ళింది. తరవాత ఆయనే, అడక్కుండా, "పొద్దున నువ్వు నోరెత్తకపోతే వదిలేసేవాణ్ణేమో. తెలీట్లా," అన్నాడు. ఆ తరవాత ఆయన ఎవర్నీ అంచు మీద వేలాడదీయలేదు. తాడు కోసి ఆంటీకి దండెం కట్టిచ్చాడు.

మంచి మనిషని వీధి అంతా నమ్మిన కిరణ్, వీడియోలో అదే వీధికి కనిపించాడు. సింధు లాయరుకి అది పనికొచ్చింది. సింధు చెప్పేది నమ్మడానికి జనానికి ముందు ఒక ముసలాయన పన్ను ఊడాల్సొచ్చింది. దాని గురించి నా దగ్గర జోకేమీ లేదు. కిరణ్ ఉద్యోగం పోయింది, దేశం వదిలిపోయాడు. సింధు లాకర్లోని పాస్‌పోర్టు లాయరు చేత ఇప్పించుకుని, సొంత వీసా తెచ్చుకుని, కమ్మింగ్‌లోనే పనిచేస్తోంది.

అంకుల్ పోయినప్పుడు ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు, బట్టలు తెచ్చారా అని అడిగారు. ఆంటీ ఆయన కొండ బట్టలు ఇచ్చింది. "ఇవి దీనికోసమే కుట్టించుకున్నారు. రిహార్సల్సే ఎక్కువయ్యాయి." హాలు గుమ్మం దగ్గర స్టూల్ మీద కుక్కర్ పెట్టింది. వీధి వీధంతా వరసలో వచ్చి ఫోన్లు అందులో వేసింది. శంఖం నన్ను ఊదమన్నారు. ఊదాను. మేక కాలు తొక్కినట్టు ఒక చప్పుడొచ్చింది. ముందుగా నవ్వింది ఆంటీయే.

సింధు జార్జియా నుంచి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. లేన్లు లెక్కలేనన్నిసార్లు మార్చానని చెప్పింది. అంతా అయ్యాక కుక్కర్లోంచి ఫోన్ తీసుకుని, పార్కింగ్ లాట్‌లో తన కారు దాకా నడిచింది. తలుపు తీసింది కానీ ఎక్కలేదు. "కిందికి దిగాక ఏదో చెయ్యాలంటగా?" అని నన్నడిగింది.

ఏడవాలని చెప్పాను. గట్టిగా, పుట్టినప్పటిలా.

సింధు చుట్టూ చూసింది. ట్యాప్ ఎక్కడా లేదు. కారు తలుపు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, గొంతు పూర్తిగా తెరిచింది. అంత చప్పుడు అంత సన్నటి మనిషిలో అన్నేళ్ళు ఎక్కడ పట్టిందో. చెట్ల మీద పక్షులు లేచాయి. పక్క కారు అలారం అందుకుంది. లోపల్నుంచి నల్లకోటు ఉద్యోగి ఒకడు పరిగెత్తుకొచ్చి, చావు ఇళ్ళలో అడిగే మెత్తటి గొంతుతో, "ఏమైందమ్మా? ఎవరికైనా ఏమైనా అయిందా?" అన్నాడు.

"ఏం లేదు బాబూ," అంది ఆంటీ. "పుట్టింది."

పాపం, ఆ ఉద్యోగంలో ఆ కబురు అతను మొదటిసారి విన్నట్టున్నాడు. నల్లకోటు సర్దుకుని, కంగ్రాచులేషన్స్ అన్నాడు.